ల్యుకీమియాను కలిగించు ఒక వైరస్

జపాను దేశపు దక్షిణభాగమున క్యూషూ అను పెద్ద దీవి ఉన్నది. 1977వ సంవత్సరములో క్యోటో విశ్వవిద్యాలయ వైద్యులు తకత్సుకి, ఉచియామా మొదలగువారు 16 మంది రోగుల చరిత్రలను ప్రకటించిరి. రోగులందరును వయోజనులే. చర్మముపై దద్దులు, మెడలోను చంకలలోను గడ్డలు, కాలేయమును ప్లీహమును వాచియుండుట వారిలో కనిపించిన లక్షణములు. రక్తములో ఒక జాతి తెల్లకణములు మితిమీరి పెరిగియుండెను. సూక్ష్మదర్శినిలో చూడగా ఆ కణముల కేంద్రకములు గుండ్రముగా నుండక, పూరేకులవలె చీలియుండెను. వ్యాధి మందులకు లొంగలేదు. దీనికి ‘వయోజన టీ కణ ల్యుకీమియా’ అని పేరు పెట్టిరి.

వైద్యులను ఆలోచింపజేసిన విషయము మరియొకటి గలదు. ఆ 16 మందిలో 13 మంది పుట్టినది క్యూషూలో. క్యోటో నగరమునకు ఆ దీవి వందలకొలది కిలోమీటర్ల దూరమున నున్నది. రోగి నివసించు చోటుతో గాక పుట్టిన చోటుతో సంబంధము గల వ్యాధికి మూలము బాల్యములోనే ఉండవచ్చును గదా! పసితనములో శరీరమున ప్రవేశించి, జీవితమంతయు నిద్రించి, వృద్ధాప్యములో మేల్కొనునది ఏమై యుండును? ఈ ప్రశ్నకు సమాధానము కొలది సంవత్సరములలోనే దొరికినది. దానిని గ్రహించుటకు ముందు రక్తములోని కణములను గూర్చి కొంత తెలిసికొనవలెను.

టీ కణములు

ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘనపు మిల్లీమీటరునకు ఎఱ్ఱకణములు సుమారు 50 లక్షలు, తెల్లకణములు 4 వేల నుండి 11 వేల వరకు ఉండును. తెల్లకణములు శరీరమునకు రక్షకభటుల వంటివి. వీనిలో లింఫోసైట్లు అను జాతి ఒకటి. ఎముకల మూలుగలో పుట్టిన కొన్ని లింఫోసైట్లు రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ అను గ్రంథికి చేరి, అచ్చట శిక్షణ పొందినట్లుగా పరిణతి చెందును. థైమస్ పేరులోని మొదటి అక్షరమును బట్టియే వీనికి టీ కణములను పేరు వచ్చినది.

టీ కణములలో కొన్ని రోగగ్రస్తమైన కణములను గుర్తించి స్వయముగా చంపును. కొన్ని ఇతర రక్షణకణములకు ఆజ్ఞలిచ్చి పని చేయించును. వీనిని సహాయక టీ కణములందురు. మన కథకు ముఖ్యమైనవి ఇవియే. శత్రువు కనబడగానే దానిని గుర్తించిన టీ కణము రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విభజన చెంది ఒక సైన్యమగును. శత్రువు నశించిన పిమ్మట ఆ సైన్యములో ఎక్కువ భాగము తనంతట తానే మరణించును. పెరుగుట ఎంత అవసరమో, పని ముగిసిన తరువాత ఆగుట కూడ అంతే అవసరము. ఆగుట మరచిన తెల్లకణముల వలన కలుగు క్యాన్సరే ల్యుకీమియా. ఈ మాటకు ‘తెల్లని రక్తము’ అని అర్థము. 19వ శతాబ్దములో జర్మను వైద్యుడు విర్చో ఈ పేరును పెట్టెను.

కోళ్ళు, ఎలుకలు

క్యాన్సరునకు వైరస్ కారణము కాగలదా అను ప్రశ్న చాల పాతది. 1908లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఎల్లర్మన్, బాంగ్ అనువారు ల్యుకీమియా గల కోడినుండి ద్రవమును తీసి, కణములు ఏమాత్రము లేకుండ వడపోసి, ఆరోగ్యముగా నున్న కోళ్ళకు ఎక్కించిరి. వానికిని ఆ వ్యాధి వచ్చెను. 1911లో అమెరికాలో పేటన్ రౌస్ కోళ్ళలోని కండరపు గడ్డలపై ఇట్టి ప్రయోగమే చేసి అట్టి ఫలితమునే పొందెను. కోళ్ళ సంగతి మనుష్యులకు వర్తించదని పలువురు దానిని ప్రక్కకు నెట్టిరి. రౌస్‌కు నోబెల్ బహుమానము వచ్చినది 1966లో, అనగా 55 సంవత్సరములకు!

మన విషయమునకు మిక్కిలి దగ్గరైనది 1936లో జాన్ బిట్నర్ చేసిన పరిశీలన. ఒక జాతి ఆడ ఎలుకలకు రొమ్ము క్యాన్సరు విరివిగా వచ్చుచుండెను. వాని పిల్లలను పుట్టగానే వేరుచేసి, క్యాన్సరు అంతగా లేని జాతికి చెందిన దాది ఎలుకచేత పాలిప్పించగా, పెద్దవైన పిమ్మట ఆ పిల్లలలో వ్యాధి బాగుగా తగ్గినది. వ్యాధికారకము పాలద్వారా ప్రయాణించుచున్నదన్నమాట. అది కూడ వైరస్సే యని తరువాత తేలినది.

ఈ వైరస్‌లన్నిటిలో జన్యుపదార్థము ఆర్.ఎన్.ఏ. రూపములో నుండును. మన కణములలో వంశపారంపర్య సమాచారము డి.ఎన్.ఏ.లో భద్రముగా నుండును. దానినుండి అవసరమైన భాగములకు ఆర్.ఎన్.ఏ. నకళ్ళు తయారగును. ఆ నకళ్ళను చూచి కణము మాంసకృత్తులను నిర్మించును. డి.ఎన్.ఏ. మూలగ్రంథమైనచో ఆర్.ఎన్.ఏ. దానినుండి వ్రాసికొన్న చీటీ వంటిది. చీటీ పని కాగానే చినిగిపోవును. అట్టి చీటీని మాత్రమే తెచ్చు వైరస్ ఒక కణమును, దాని సంతతిని శాశ్వతముగా ఎట్లు మార్చగలదు?

వెనుకకు వ్రాయు ఎంజైము

ఈ చిక్కును హోవర్డ్ టెమిన్ విప్పెను. వైరస్ తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చుకొని కణపు డి.ఎన్.ఏ.లో చేరుచున్నదని ఆయన 1964లోనే ప్రతిపాదించెను. సమాచారము డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ.కు పోవునేగాని వెనుకకు రాదని నమ్మిన ఆనాటి శాస్త్రజ్ఞులు దీనిని అంగీకరింపలేదు. 1970లో టెమిన్, మిజుటానీ ఒకచోటను, డేవిడ్ బాల్టిమోర్ మరొకచోటను, ఒకరితో నొకరికి సంబంధము లేకుండ, ఆర్.ఎన్.ఏ.ను చూచి డి.ఎన్.ఏ.ను వ్రాయు ఎంజైమును ఇట్టి వైరస్ కణికలలోనే కనుగొనిరి. టెమిన్, బాల్టిమోర్‌లకు 1975లో నోబెల్ బహుమానము లభించినది. ఇట్లు వెనుకకు వ్రాయు వైరస్‌లకు రెట్రోవైరస్‌లని పేరు.

ఇట్లు తయారైన వైరస్ డి.ఎన్.ఏ.ను మరొక ఎంజైము కణకేంద్రకములోనికి చేర్చి, మన డి.ఎన్.ఏ.ను ఒకచోట తెంపి, ఆ సందున అతికించును. పూర్వము తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయునపుడు ఎవరో తమ పద్యమును నడుమ చేర్చెడివారు. దానిని ప్రక్షిప్తమందుము. తరువాతి లేఖకుడు అది కవి వ్రాసినదో, చేర్చినదో ఎఱుగక ఉన్నదున్నట్లు నకలు చేయును. ఆ నకలుకు మరొక నకలు, దానికింకొకటి. అట్లే కణము విభజన చెందిన ప్రతిసారియు వైరస్ ప్రక్షిప్తము కూడ తప్పక పిల్లకణములకు సంక్రమించును. మానవుని డి.ఎన్.ఏ.లో సుమారు 300 కోట్ల అక్షరములున్నవి. ఈ వైరస్ చేర్చునవి కేవలము 9 వేల పైచిలుకు. అయినను దానిని ఏరి తీసివేయు ఉపాయము కణమునకు లేదు. అందుచేత ఈ వైరస్ సోకినవాడు జీవితాంతము దానిని మోయును.

మానవునిలో దొరికిన మొదటి రెట్రోవైరస్

జంతువులలో ఇన్ని రెట్రోవైరస్‌లు దొరికినను చాలకాలము మానవునిలో ఒక్కటియు కనబడలేదు. టీ కణములను పరీక్షనాళికలో ఎక్కువకాలము పెంచలేకపోవుట దీనికొక కారణము. 1976లో అమెరికాలోని రాబర్ట్ గాలో ప్రయోగశాలలో టీ కణములు పెరుగుటకు తోడ్పడు పదార్థమును కనుగొనిరి. దీనినే నేడు ఇంటర్‌ల్యుకిన్-2 అనుచున్నారు. దాని సాయముతో ఒక రోగి టీ కణములను పెంచి, వానిలో నొక రెట్రోవైరస్‌ను బెర్నార్డ్ పోయెజ్, గాలో మొదలగువారు 1980లో ప్రకటించిరి. దానికి హెచ్.టి.ఎల్.వి. అని పేరు.

అదే కాలమున జపానులో మియోషి ఒక ల్యుకీమియా రోగి కణములను ప్రయోగశాలలో పెంచుచుండెను. 1981లో హినుమా ఆ కణములపై రోగుల రక్తరసమును పరీక్షించి, క్యూషూ రోగుల రక్తములో ఆ కణములలోని వైరస్‌కు వ్యతిరేకమైన ప్రతిరక్షకములున్నట్లు చూపెను. అమెరికాలో దొరికినదియు జపానులో దొరికినదియు ఒకే వైరస్ అని త్వరలోనే తేలినది. 1983లో యోషిదా బృందము దాని జన్యుపదార్థములోని 9,032 అక్షరములను వరుసగా చదివి ప్రకటించిరి.

వైరస్ ఉన్నంత మాత్రమున అదే కారణమని ఎట్లు చెప్పవచ్చును? దీనికి చక్కని నిదర్శనము 1984లో లభించినది. వైరస్ ఒక్కొక్క కణములో ఒక్కొక్కచోట అతుకును. కావున వైరస్ సోకినను వ్యాధి లేని వ్యక్తి రక్తములో ప్రక్షిప్తము వేలకొలది వేర్వేరు చోట్ల నుండును. ల్యుకీమియా రోగిలోనైతే క్యాన్సరు కణములన్నిటిలో అది ఒకే చోట నుండెను. అనగా కోట్లకొలది క్యాన్సరు కణములు ఒకే తల్లికణపు సంతతి. ఆ తల్లికణము చెడిపోవుటకు ముందే వైరస్ దానిలో ప్రవేశించియున్నది. వ్యాధి వచ్చిన తరువాత వచ్చి చేరిన అతిథి కాదది.

కణము నుండి కణమునకు

ఈ వైరస్‌కు ఒక విచిత్రమైన అలవాటున్నది. చాల వైరస్‌లు కణమునుండి వెలువడి రక్తములో స్వేచ్ఛగా తేలుచు క్రొత్త కణములను వెదకును. ఇది అట్లు చేయుట అరుదు. వైరస్ గల టీ కణము మరొక కణమును తాకినపుడు, రెండింటి నడుమ బిగువైన అతుకు ఏర్పడును. ఆ అతుకు గుండ వైరస్ ఇవతలినుండి అవతలికి దాటును. లండనులో బాంగ్హమ్ బృందము 2003లో దీనిని స్పష్టముగా చూపెను. చేతికి చేయి కలిపి వస్తువును అందించుట వంటిదిది.

ఈ అలవాటు వలన కొన్ని ఆచరణయోగ్యమైన ఫలితములున్నవి. వైరస్ వ్యాపించుటకు సజీవమైన కణములు కావలెను. 1984లో ఓకోచి మొదలగువారు వైరస్ గల దాతల రక్తమును పొందినవారిని పరిశీలించిరి. కణములతో కూడిన రక్తమును పొందినవారిలో నూటికి 60 మందికి పైగా వైరస్ సోకినది. గడ్డకట్టించి నిలువచేసిన రక్తరసమును మాత్రమే పొందినవారిలో ఒక్కరికిని సోకలేదు. 1986 నుండి జపానులో దాతల రక్తమును ఈ వైరస్‌కై పరీక్షించుచున్నారు. రక్తము, లైంగిక సంబంధము, పంచుకొన్న సూదులు, అవయవ మార్పిడి, తల్లిపాలు, ఇవియే దాని మార్గములు. దగ్గుట, తాకుట, కలసి భుజించుట వలన ఇది అంటదు.

నూటికి ఐదుగురు

ఎయిడ్స్‌ను కలిగించు హెచ్.ఐ.వి. కూడ రెట్రోవైరస్సే. అదియు సహాయక టీ కణములనే ఆశ్రయించును. అయితే హెచ్.ఐ.వి. ఆ కణములను నాశనము చేయగా, హెచ్.టి.ఎల్.వి. వానిని పెంచును. తన ఆశ్రయము పెరిగినకొలది తానును పెరుగును గదా!

ఈ పనికి వైరస్ వద్ద ముఖ్యమైన మాంసకృత్తులు రెండున్నవి. మొదటిది టాక్స్. ఇది కణములో పెరుగుదలకు సంబంధించిన మీటలను నొక్కి యుంచును. శత్రువు లేకున్నను కణము విభజన చెందుచునే యుండును. అంతేగాక కణము తన డి.ఎన్.ఏ.లోని దెబ్బలను సరిదిద్దుకొను ఏర్పాటును, దెబ్బతిన్న కణమును ఆపివేయు కావలిని టాక్స్ బలహీనపరచును. అయితే శరీరములోని సంహారక టీ కణములు టాక్స్‌ను సులభముగా గుర్తించి, అది గల కణమును చంపును. అందుచేత వైరస్ టాక్స్‌ను అప్పుడప్పుడు మాత్రమే బయటికి తీసి, చాలకాలము దాచియుంచును. రెండవదియగు హెచ్.బి.జెడ్. 2002లో కనబడినది. డి.ఎన్.ఏ.కు రెండు పేటలుండును. వైరస్ యొక్క ఇతర మాంసకృత్తులు ఒక పేటపై వ్రాయబడగా, ఇది ఎదుటి పేటపై వెనుకనుండి ముందుకు చదివినపుడు లభించును. శత్రువుల కంట అంతగా పడక, కణమును నెమ్మదిగా పెరుగనిచ్చును. ల్యుకీమియా కణములలో టాక్స్ తరచుగా మాయమైయుండును గాని హెచ్.బి.జెడ్. మాత్రము నిలిచియే యుండును.

అయినను ఈ రెండింటి వలననే క్యాన్సరు కలుగదు. దీర్ఘకాలము విభజన చెందు కణములో తప్పులు ఒకటొకటిగా చేరును. పదుల సంవత్సరముల పిమ్మట ఏదో యొక కణములో తగినన్ని తప్పులు కూడినపుడు, అది శరీరపు ఆజ్ఞలన్నిటిని కాదని పెరుగును. జపానులో ఈ వ్యాధి సాధారణముగా 60 సంవత్సరములు దాటినవారిలో కనబడును. వైరస్ గలవారిలో జీవితకాలమున నూటికి సుమారు ఐదుగురికి మాత్రమే ల్యుకీమియా వచ్చును. కొందరికి వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పట్టుతప్పు వ్యాధి కలుగును. ఈ సంబంధమును 1985లో మార్టినిక్ దీవిలోను, 1986లో జపానులోని కగోషిమాలోను గుర్తించిరి. మిగిలినవారిలో అత్యధికులు తమలో వైరస్ ఉన్నదని ఎఱుగకయే పూర్ణాయుష్యమును గడుపుదురు.

ఈ ఐదుగురి దుర్దశ మాత్రము తీవ్రమైనది. తీవ్రరూపము దాల్చిన వ్యాధిలో సగముమంది రోగులు ఏడాదిలోపుననే మరణించుచున్నారు. రక్తములో సున్నపు ధాతువగు కాల్షియము పెరిగి దాహము, మతిభ్రమణము కలుగును. రక్షణకణములే చెడిపోయినవి గనుక సామాన్యమైన అంటురోగములు సైతము ప్రాణాంతకమగును. మూలుగ మార్పిడి కొందరిని కాపాడుచున్నది. మొగాములిజుమాబ్ అను మందును 2012లో జపాను ప్రభుత్వము అనుమతించినది. టీకా ఇంతవరకు లేదు.

తల్లి ముందున్న ప్రశ్న

చికిత్స ఇంత కష్టమైనపుడు వ్యాధిని ఆపవలసిన చోటు ఆసుపత్రి కాదు, ఊయల. ఈ ల్యుకీమియా వచ్చువారు దాదాపుగా అందరును పసితనములో వైరస్ సోకినవారే. తల్లిపాలలో లింఫోసైట్లుండును. తల్లికి వైరస్ ఉన్నచో ఆ కణములతోపాటు అది శిశువును చేరును. క్యూషూలో పుట్టినవారి రహస్యమిదియే.

క్యూషూలోని నాగసాకి మండలములో 1987 నుండి గర్భిణీస్త్రీల రక్తమును పరీక్షించి, వైరస్ గలవారికి విషయము తెలిపి, తమ పాలు ఇవ్వకుండుట మేలని సలహా ఇచ్చిరి. దీర్ఘకాలము తల్లిపాలు త్రాగిన శిశువులలో నూటికి సుమారు 20 మందికి వైరస్ సోకుచుండగా, పోతపాలతో పెరిగినవారిలో అది మూడింటికి లోపుగా తగ్గినది. 2011 నాటికి ఈ పరీక్ష జపాను దేశమంతట గర్భిణీస్త్రీలకు చేయు పరీక్షలలో చేరినది. మూడు నెలలకు మించకుండ పాలిచ్చుట, పాలను గడ్డకట్టించి కరిగించి ఇచ్చుట అను మార్గములు కూడ ఉన్నవి. గడ్డకట్టించినపుడు కణములు చచ్చును గనుక వైరస్‌కు దారి మూసికొనును.

ఇచ్చట మనము లెక్క కట్టి చూడవలెను. వైరస్ గల తల్లులు 100 మంది శిశువులకు దీర్ఘకాలము పాలిచ్చినచో సుమారు 20 మందికి వైరస్ సోకును. ఆ 20 మందిలో వృద్ధాప్యమున ల్యుకీమియా వచ్చునది సుమారు ఒక్కరికి. ఆ ఒక్కరికై నూర్గురును తల్లిపాలను వదలుకొనవలెనా? శుభ్రమైన నీరు, మంచి పోతపాలు, వైద్యసహాయము గల జపాను వంటి దేశములో వదలుకొనుట మేలు. నీరు కలుషితమైనచోట పోతపాల వలన వచ్చు అతిసారము ఈ సంవత్సరమే శిశువును పొట్టన పెట్టుకొనవచ్చును. అరువది సంవత్సరముల తరువాత రాదగిన అపాయమునకు వెఱచి నేటి అపాయమును తెచ్చుకొనుట తెలివి కాదు. వైరస్ గుణము అన్నిచోట్ల ఒక్కటే యైనను నివారణోపాయము అన్నిచోట్ల ఒక్కటి కాజాలదు.

ప్రపంచములో 50 లక్షల నుండి కోటి మంది వరకు ఈ వైరస్‌ను మోయుచున్నారని అంచనా. నైరృతి జపాను, కరీబియను దీవులు, దక్షిణ అమెరికా, ఆఫ్రికాలోని కొన్ని భాగములు, ఈశాన్య ఇరాను, మధ్య ఆస్ట్రేలియాలోని ఆదిమవాసుల గ్రామములు దీనికి ముఖ్యస్థానములు. మన దేశములో ఇది అరుదు. కావున మన తల్లులెవ్వరును దీనిని చదివి బిడ్డకు పాలిచ్చుటకు సంకోచింపరాదు. తల్లిపాలను మించిన ఆహారము శిశువునకు లేదను మాటకు ఈ వైరస్ వలన ఏ లోపమును రాలేదు. వైరస్ ఉన్నదని పరీక్షలో తేలిన తల్లి మాత్రమే వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలసిన విషయమిది.

మరియొక అపోహను కూడ తొలగించుకొనవలెను. మన ఆసుపత్రులలో కనబడు ల్యుకీమియాలలో అత్యధిక భాగమునకు ఈ వైరస్‌తో ఎట్టి సంబంధమును లేదు. అవి అంటువ్యాధులు కావు. ల్యుకీమియా సోకిన బిడ్డను తోటిపిల్లలనుండి దూరము చేయుట, ఆ ఇంటికి రాకపోకలు మానుట అజ్ఞానము, క్రూరము కూడ. చికిత్సలో రోగికి ఇతరుల జలుబు, దగ్గు సోకకుండ కాపాడవలసియుండును. అనగా భయపడవలసినది మనలను గూర్చి అతడేగాని, అతనిని గూర్చి మనము కాదు.